వెనక కట్టిన పడవ

ఆకుపచ్చ పడవ మళ్ళీ వచ్చింది.

బెరిల్ టనిక్లిఫ్ రాట్నం ముందు నుంచి లేవలేదు. కిటికీ తెరని ఒక వేలితో పక్కకి జరిపి చూసింది. అదే పొడుగాటి మనిషి, అదే బూడిదరంగు స్వెటరు. గట్టు మీద వంగి ఇనుప గుంజ దిగ్గొడుతున్నాడు. దెబ్బకోసారి తలెత్తి ఆమె పడవ వైపు చూస్తున్నాడు. ముందు భాగం వైపు కాదు, కిటికీల వైపూ కాదు. వెనక వైపు.

స్టోన్ ఊళ్ళో ఆమె పడవ వెనకే తన పడవ కట్టాడు. బర్స్టన్‌లో ఆమె వెనకే కట్టాడు. ఇప్పుడు శాండన్‌లోనూ అంతే. సొంత రేవు లేని పడవ ఏదైనా ఒకచోట పద్నాలుగు రోజులకి మించి ఉండకూడదు కాబట్టి, ఆ కాలవ మీద అందరూ కదులుతూనే ఉంటారు, ఒకరికొకరు తగులుతూనే ఉంటారు. అందులో వింతేం లేదు. కానీ మైళ్ళకి మైళ్ళు గట్టు ఖాళీగా పడి ఉండగా, ఆమె కదిలిన మర్నాడే, సరిగ్గా రెండు పడవల ఎడంలో, మూడోసారి కూడా అక్కడే చోటు దొరకడం మాత్రం వింతే.

బెరిల్ ముప్ఫై ఒక్క ఏళ్ళు లాంగ్టన్‌లో ఒక కప్పుల ఫ్యాక్టరీలో పనిచేసింది. పచ్చి మట్టి కప్పులకి పిడులు అతికించే పని. ఫ్యాక్టరీ మూసేయడానికి ముందురోజు మేనేజరు తన చేత్తో అందరికీ కేకు ముక్కలు పంచాడు, ఆమె భుజం తట్టాడు కూడా. మర్నాడు పొద్దున్నే వెళ్తే గేటుకి గొలుసు. అప్పట్నుంచీ, ఎవరైనా కారణం లేకుండా తన చుట్టూ తిరుగుతుంటే ఆమె ఆ కారణం కోసం వెతుక్కుంటుంది. ఇల్లు అమ్మేసి ఏడడుగుల వెడల్పు పడవలో కాపురం పెట్టి ఏడేళ్ళయినా ఆ గుణం పోలేదు.

ఉన్ని వడకడం మొదలుపెట్టింది కూడా ఫ్యాక్టరీ మూతపడ్డాకే. పిడులు అతికించిన వేళ్ళు ఊరికే ఉండమంటే ఉండలేదు. ఇప్పుడు పొయ్యికీ కిటికీకీ మధ్య రాట్నం వేసుకుని, గొర్రెల కాపరుల దగ్గర తెచ్చుకున్న ఉన్నిని ఏకి, ఏకులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పొద్దు ఎలా గడిచేదో ఆమెకే తెలిసేది కాదు. కాలు తొక్కుతూ ఉంటుంది, వేళ్ళ మధ్య నుంచి ఉన్ని జారుతూ, పురి ఎక్కుతూ, దారమై పోతూ ఉంటుంది. కడగని ఉన్ని మూటలు మాత్రం గదిలోకి రానిచ్చేది కాదు. ఆ జిడ్డు వాసనకి అన్నం సయించదు. వాటిని పడవ వెనక, ఇంజను పక్కన కుక్కిపెట్టేది.

ఆ మనిషి గుంజ కొట్టడం అయిపోయింది. మోకు కట్టి, నిలబడి, మళ్ళీ ఆమె పడవ వెనక భాగాన్ని తేరిపార చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

"చూడు నాయనా, చూడు," అనుకుంది బెరిల్. "నేనూ చూస్తున్నాలే."

మర్నాడు నీళ్ళ కుళాయి దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆమె పడవ ముందున్న తొట్టిలోకి గొట్టం పెట్టి నింపుకుంటుంటే అతను ఖాళీ డబ్బా పట్టుకొచ్చి నిలబడ్డాడు.

"మీ పేరు బెరిల్ కదండీ? నా పేరు డడ్లీ. డడ్లీ పోవీ."

"నా పేరెవరు చెప్పారు మీకు?"

"పడవలో బొగ్గులు అమ్మే ఆవిడ పిలుస్తుంటే విన్నాను." అతని చెవులు ఎర్రబడ్డాయి. ఏభై అయిదేళ్ళ మనిషికి అలా ఎర్రబడటం ఆమె చూడలేదు. "మీరు బుధవారం బుధవారం ఎక్కడికో వెళ్తారు కదండీ. ఎంతసేపు పడుతుంది రావడానికి?"

బెరిల్ గొట్టం మీద నుంచి చూపు తిప్పి అతన్ని ఎగాదిగా చూసింది. "ఎందుకూ?"

"ఊరికే. వడికేవాళ్ళ సంఘమటగా, స్టోన్‌లో. బాగుంటుందేమో అని..."

"మగవాళ్ళు రారు."

"అబ్బే, నా కోసం కాదండీ." అతను డబ్బా చేయి మార్చుకున్నాడు. "మీ పడవలో... అడుగున నీళ్ళు తోడే పంపు ఉంటుంది కదా, దానంతటదే ఆడేది. అది బాగా పనిచేస్తోందా?"

"నా పడవలో ఏముందో, ఏది పనిచేస్తోందో మీకెందుకండీ?"

"నిజమే. నాకెందుకు," అని గొణిగి, డబ్బా నింపుకోకుండానే వెళ్ళిపోయాడు.

బెరిల్ ఆ రోజే వెనక తలుపుకి కొత్త తాళం వేసింది. చుక్కాని పట్టుకుని నిలబడే చోట కాళ్ళ కింద ఉండే చెక్క మూతకి మాత్రం తాళం వేసే వీల్లేదు. దాని కింద ఇంజను, ఇంజను కింద పడవ అడుగు. ప్రతి గురువారం పొద్దున్నే ఆ మూత ఎత్తి, ఇరుసు దగ్గర గ్రీజు బిగించి, అడుగు పొడిగా ఉందో లేదో చూసి మూసేయడం ఆమెకి అలవాటు. ఆ గురువారం కూడా చూసింది. పొడిగానే ఉంది. ఏమీ పోలేదు కూడా.

పోనీ తనదే పిచ్చి అనుకుందామంటే ఇంకో సంగతి ఆమెని పీకుతూనే ఉంది. ఈ మధ్య మంగళవారం వచ్చేసరికి పడవ వెనక్కి వాలినట్టుండేది. వడికిన దారం ఉండ కింద పడితే గదిలోంచి దొర్లుకుంటూ మంచం దాకా పోయేది. ముందున్న తొట్టిలో నీళ్ళు అయిపోతుంటే ముక్కు తేలి వెనక దిగడం మామూలే కాబట్టి మొదట్లో పట్టించుకోలేదు. కానీ బుధవారం సాయంత్రం సంఘం నుంచి తిరిగొచ్చి చూస్తే, తొట్టి నింపకుండానే పడవ సమంగా ఉండేది. ఉండని కావాలని నేల మీద పెట్టి చూసింది. కదల్లేదు. రెండు వారాలు అలాగే అయింది. గట్టు మీద గడ్డి కూడా వెనక వైపు తడిగా ఉంది, వాన లేదు.

వారానికోసారి తిరిగే బొగ్గుల పడవ శాండన్ వచ్చినప్పుడు ఆమె ఈ మాట షీనాతో అంది. షీనా స్కాట్లాండ్ మనిషి, నలభై ఏళ్ళుగా కాలవ మీదే ఉంది. బొగ్గు బస్తా భుజానికెత్తుకుని బెరిల్ పడవ కప్పు మీద దబ్బున పడేసింది.

"నీకు వయసు మీద పడుతోందే బెరిల్. పడవన్నాక ఊగుద్ది, వాలుద్ది. దానికి వెనకాయన్ని అంటే ఎలా?"

"వాడు నా వెనక భాగం వైపే చూస్తుంటాడే!"

షీనా పకపకా నవ్వింది. "అరవై మూడేళ్ళకి నీ వెనక భాగం వైపు చూసేవాడు దొరికాడంటే సంతోషించక!"

"నోర్ముయ్. పడవ వెనక భాగం."

"సరే, సరే." షీనా నవ్వు ఆపి చేతులు దులుపుకుంది. "కానీ జాగ్రత్తగానే ఉండు. పోయిన చలికాలం దిగువ లాకుల దగ్గర ముగ్గురి ఇంజన్లు ఊడదీసుకుపోయారు. ఆ పని చేసినవాళ్ళు కూడా ముందు వచ్చి పలకరించి, ఎప్పుడుంటారు, ఎప్పుడుండరు అని కనుక్కున్నారట. ఈ పోవీ ఎవరికీ తెలిసినవాడు కాదు. నా దగ్గర బొగ్గు కొంటాడు, మాట్లాడమంటే మాత్రం నేల చూపులు చూస్తాడు."

అప్పటిదాకా అనుమానంగా ఉన్నది ఆ మాటతో నమ్మకమైపోయింది. బెరిల్ రెండో రోజే మోకులు విప్పేసి, పద్నాలుగు రోజులు కాకుండానే వెస్టన్ దాకా వెళ్ళిపోయింది. ఎవరికీ చెప్పలేదు. వంతెన దాటి, చెట్ల చాటున కట్టుకుంది. మర్నాడు మధ్యాహ్నం కల్లా ఆకుపచ్చ పడవ వంతెన కింద నుంచి మెల్లగా ముక్కు బయట పెట్టింది.

ఈసారి ఆమె ఊరుకోలేదు. గట్టు మీదికి దిగి ఎదురెళ్ళింది. "ఏమండీ, ఈ కాలవలో మీకు ఇంకెక్కడా చోటు లేదా?"

డడ్లీ చేతిలోని మోకు జారిపోయింది. ఒంగి తీసుకున్నాడు. "ఉంది... ఉందండీ. కానీ ఇక్కడ లోతు బాగుంటుందని..."

ఆమె అతని మాట వినడం లేదు. అతని స్వెటరు మోచేతి దగ్గర చూస్తోంది. అక్కడ చిన్న ఉన్ని పీచు అంటుకుని ఉంది. ముదురు గోధుమరంగు, కొసన తెల్లటి మచ్చ, జిడ్డు మెరుపు. కడగని జేకబ్ జాతి గొర్రె ఉన్ని. ఆ చుట్టుపక్కల అలాంటి మూట ఎవరి దగ్గరుందో, ఏ పడవలో ఎక్కడ కుక్కి ఉందో బెరిల్‌కి ఒకరు చెప్పక్కర్లేదు.

"అదేంటి?"

అతను మోచెయ్యి చూసుకున్నాడు. చటుక్కున పీకి జేబులో పెట్టుకున్నాడు. "కంచెకి తగులుకుని ఉంటుంది. గొర్రెలు..."

"ఈ పక్క పొలాల్లో అన్నీ తెల్ల గొర్రెలే," అంది బెరిల్, వెనక్కి తిరిగి వచ్చేసింది. లోపలికొచ్చి గొళ్ళెం పెట్టుకుని టీ కాచుకుంది కానీ తాగబుద్ధి కాలేదు. అంటే అతను తన పడవ ఎక్కాడు. మూత ఎత్తాడు. లోపల చేయి పెట్టాడు. ఇక తీసుకుపోవడమే మిగిలింది.

పోలీసులకి ఏమని చెప్తుంది? ఉన్ని పీచు చూశానని చెప్తే నవ్వుతారు. కళ్ళారా చూడాలి.

మంగళవారం సాయంత్రం ఆమె ఒంటి పోగు దారం తీసుకుంది. రెండు పోగులు పేనితే గట్టిపడుతుంది కానీ, ఒంటి పోగుది వేలు తగిలితే తెగిపోయే ప్రాణం. దాన్ని చెక్క మూతకి అడ్డంగా ఆ అంచు నుంచి ఈ అంచుకి కట్టింది. గోధుమరంగు చెక్క మీద గోధుమరంగు దారం. తెలిసి చూస్తే తప్ప కనపడదు.

బుధవారం పొద్దున్న పది గంటలకి, ఎప్పట్లాగే బుట్టలో కదురు, ఏకులు పెట్టుకుని, తలుపు చప్పుడయ్యేలా వేసి, తాళం గలగలలాడించి బయల్దేరింది. దారం అలాగే ఉంది. బస్సు స్టాపు దాకా నడిచింది. బస్సు వచ్చింది, ఆగింది, ఆమె ఎక్కకపోవడం చూసి డ్రైవరు చేయి ఊపి పోనిచ్చాడు. బెరిల్ వంతెన మీదుగా అవతలి గట్టుకి దాటి, కంచె పక్కన నక్కుతూ, బుట్ట కడుపుకి అదుముకుని వెనక్కి వచ్చింది. ఎదురుగా కాలవ, కాలవకి అవతల తన పడవ. చెక్క మూత లేచి ఉంది. ఆ గుంట ముందు మోకాళ్ళ మీద డడ్లీ పోవీ, భుజాల దాకా లోపలికి వంగి ఉన్నాడు.

ఆమెకి అరవబుద్ధి కాలేదు. మళ్ళీ వంతెన దాటి, గట్టు వెంట, గడ్డి మీదుగా అడుగు చప్పుడు కాకుండా వచ్చింది. పడవ పక్కకి వచ్చాక నిలబడి, ఊపిరి తీసుకుంది.

"దిగు! దిగు నా పడవ!"

అతను లేవబోయి తల మూతకి కొట్టుకున్నాడు. చేతిలో రెంచీ లేదు, రంపం లేదు. పొడుగాటి చేతి పంపు ఉంది. దాని గొట్టం గట్టు మీదికి వేలాడుతోంది. గొట్టంలోంచి మురికి నీళ్ళు గడ్డి మీద పడుతున్నాయి.

"ఏం చేస్తున్నావు?"

"నీళ్ళు... నీళ్ళు తోడుతున్నానండీ."

"ఎవరి నీళ్ళు?"

"మీవే."

బెరిల్ పడవ మీదికి ఒక్క అంగలో ఎక్కి గుంటలోకి చూసింది. ఇంజను కింద నల్లటి నీళ్ళు కదులుతున్నాయి. జానెడు లోతుంటాయి.

"ఎక్కడివివి?"

డడ్లీ గట్టు మీదికి దిగి, టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "నా వల్ల వచ్చినవండీ. సెప్టెంబరు నాలుగో తారీకున మీఫర్డ్ లాకుల దగ్గర. మీరు పడవలో లేరు. గాలికి నా పడవ తోసుకుపోతుంటే గేరు వెనక్కి వేయాల్సింది ముందుకి వేశాను. వచ్చి మీ వెనక భాగాన్ని గుద్దేశాను. గట్టిగానే. పడవ కొని అప్పటికి పదకొండు రోజులే అయింది."

ఆ రోజు ఆమెకి గుర్తుంది. ఊళ్ళోకి వెళ్ళి ఉన్ని మూట తెచ్చుకున్న రోజు. వచ్చేసరికి బల్ల మీది కప్పు కింద పడి పగిలి ఉంటే, ఎవడో వేగంగా పోయాడని తిట్టుకుంది.

"గంటసేపు మీ కోసం నిలబడ్డానండీ. మీరు మూట వీపున వేసుకుని, పాడుకుంటూ వచ్చారు. మిమ్మల్ని చూస్తే నోరు పెగల్లేదు. తర్వాత చూస్తుంటే మీ పడవ వెనక వేలెడు దిగినట్టు అనిపించింది. మీరు లేనప్పుడు మూత ఎత్తి చూశాను. నీళ్ళున్నాయి."

"మరి చెప్పొచ్చుగా?"

"ప్రతి బుధవారం చెబుదామనే అనుకునేవాణ్ణి. ముందు తోడేసి, మీరు వచ్చాక చెబుదామని. తోడేశాక, ఇప్పుడు పొడిగానే ఉందిగా, వచ్చేవారం చెబుదాంలే అనిపించేది."

బెరిల్‌కి ముందు వచ్చిన భయమంతా పోయి దాని చోటులో కోపం వచ్చింది. "బుధవారం నువ్వు తోడావు. గురువారం పొద్దున్న నేను చూశాను. పొడిగా ఉంది కదా అని దిలాసాగా పడుకున్నాను! నీకు ఒక్క వారం జ్వరమొచ్చుంటే? నువ్వు ఏ ఊరో వెళ్ళుంటే? మంచం మీద పడుకున్నదాన్ని పడుకున్నట్టే మునిగిపోయేదాన్ని కదా!"

"అందుకే ఎక్కడికీ వెళ్ళలేదండీ," అన్నాడతను. "మా చెల్లెలి కూతురి పెళ్ళికి కూడా."

బెరిల్ పంపు లాక్కుని మిగతా నీళ్ళు తనే తోడింది.

ఆ రోజే పడవ తిప్పుకుని స్టోన్ బయల్దేరింది. పడవని నీళ్ళలోంచి తీసి చూడాలంటే దగ్గర్లో అక్కడే. డడ్లీ లాకు తలుపులు తను తెరుస్తానన్నాడు. "సరే," అంది. "కానీ గట్టు మీద నాకు ముందు నడవండి. వెనక వద్దు. నా కళ్ళెదురుగా ఉండండి." అతను లాకు తిప్పే ఇనుప కడ్డీ భుజాన వేసుకుని, దారి పొడుగునా ఆమెకి ముందు నడిచాడు. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. లాకుల దగ్గర తలుపులు తోసీ తోసీ అతని అరచేతులు బొబ్బలెక్కడం ఆమె చూసింది.

మరమ్మతులు చేసే ఆల్బీ ముసలాయన. సోమవారం పడవని పైకి తీసి దిమ్మల మీద నిలబెట్టి, దాని కిందికి దూరి, లైటు వేసి చాలాసేపు చూశాడు. బయటికొచ్చి ఆమెని పిలిచాడు.

"ఎవరో గుద్దిన సొట్ట ఉంది తల్లీ. సొట్టకేం, అలాంటివి నా పడవకి ఇరవై ఉన్నాయి. దాంట్లోంచి చుక్క కూడా రాలేదు."

"మరి నీళ్ళు?"

"ప్రొపెల్లర్ ఇరుసు బయటికెళ్ళే చోట నీళ్ళు రాకుండా బిగించే ప్యాకింగ్ ఉంటుంది చూడు, అది పీచుపీచయిపోయింది. ఎప్పుడు మార్చావు?"

"వారం వారం గ్రీజు బిగిస్తాను."

"గ్రీజు సరే. ప్యాకింగ్ ఎప్పుడు మార్చావు?"

ఏడేళ్ళలో అది మార్చాలని బెరిల్‌కి తెలియనే తెలియదు. ఆల్బీ జేబులోంచి తడిసిన నల్లటి ముద్ద ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నీ పంపులో ఇరుక్కుంది. అందుకే అది ఆడట్లేదు. చచ్చిన ఎలకేమో అనుకున్నాను ముందు."

బెరిల్ ఆ ముద్దని వేళ్ళతో విప్పింది. లోపల ఇంకా గోధుమరంగు ఉంది. మూటల్లోంచి రాలి, నీళ్ళలో పడి, నలిగి నలిగి గుడ్డలా బిగుసుకుపోయిన తన ఉన్నే.

డడ్లీ తన పడవని స్టోన్ తెచ్చుకుని మరమ్మతుల చోటికి కాస్త దూరంగా కట్టుకున్నాడు. పొద్దునా సాయంత్రం వచ్చి గేటు దగ్గర నిలబడేవాడు. "తేలిందాండీ?" అని అడిగేవాడు. "ఇంకా చూస్తున్నారు," అనేది బెరిల్. ఎందుకలా అందో మొదటిసారి ఆమెకే తెలియదు. రెండోసారి తెలుసు. నిచ్చెనెక్కి, దిమ్మల మీదున్న పడవలో రాట్నం ముందు కూర్చుంటే దారం లావుగా, సన్నగా, ముడులు ముడులుగా వచ్చింది. తప్పంతా తనదని ఆ మనిషికి చెప్పడం ఇష్టం లేదు. అతన్ని ఇంకొన్నాళ్ళు అలా నిలబెట్టాలని ఉంది. ఆ మాట తనలో తను అనుకున్నాక సిగ్గేసింది. రెండు రోజులు గడిచాక, మధ్యాహ్నం గేటు దాటి వెళ్ళి అతని పడవ కిటికీ మీద తట్టింది.

"మీరు గుద్దడం వల్ల ఏం కాలేదు," అంది, అతను తలుపు తీసీ తీయకముందే. "ప్యాకింగ్ అరిగింది. పంపులో నా ఉన్ని ఇరుక్కుంది. రెండూ నావే."

డడ్లీ మెట్టు మీద కూలబడ్డాడు. ఆమె అతను నవ్వుతాడనుకుంది, హమ్మయ్య అంటాడనుకుంది. అతను తలెత్తి, "ఇది ఎప్పుడు తెలిసింది?" అన్నాడు.

"సోమవారం."

"ఇవాళ బుధవారం."

"అవును."

"రెండు నెలల్నించి నాకు నిద్ర లేదండీ. ఈ రెండు రోజులూ అన్నం కూడా సయించలేదు. తెలిసీ ఎందుకు చెప్పలేదు?" గొంతు మొదటిసారి పెద్దదైంది.

"మీలాగే," అంది బెరిల్. "నోరు పెగల్లేదు."

అతను లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఆల్బీ వాళ్ళు పడవని నీళ్ళలోకి దింపుతుంటే డడ్లీ వచ్చాడు. గేటు దగ్గర ఆగకుండా నేరుగా ఆమె ముందుకి వచ్చి నిలబడ్డాడు. "నేను హేవుడ్ దాకా వెళ్తున్నాను. అక్కడ పది రోజులు ఉంటాను. చెప్పి వెళ్దామని వచ్చాను."

"మంచిది," అంది బెరిల్. ఇంకేమైనా అనాలనిపించింది. "వెస్టన్ దగ్గర మలుపులో గాలి తోస్తుంది. జాగ్రత్త."

తలూపి వెళ్ళిపోయాడు. ఆకుపచ్చ పడవ వంపు తిరిగేదాకా ఆమె చూస్తూ నిలబడింది. ఆ వారమంతా రోజూ మూత ఎత్తి చూసుకుంది. పొడిగా ఉంటే ఎవరైనా వచ్చి తోడేశారేమోనని గడ్డి కూడా తడిమి చూసింది. గడ్డీ పొడిగానే ఉంది. ఉన్ని మూటలు ఇంజను పక్క నుంచి తీసి, వాసనైతే అయిందని మంచం కిందికి చేర్చింది.

తొమ్మిదో రోజు ఆమె మోకులు విప్పింది. శాండన్ దాటింది, వెస్టన్ దాటింది. హేవుడ్ మైలు దూరం ఉందనగా, గట్టు పక్కన ఆకుపచ్చ పడవ కనపడింది. దాని వెనక రెండు పడవల ఎడంలో ఖాళీ చోటుంది. ఆ చోటు చూసేసరికి ఆమెకి అతని ముఖం గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఏమనుకుంటాడో ఏమో! ఇంజను వేగం తగ్గించి, ఇంకా చాలా దూరంలో ఉండగానే హారన్ మీద చేయి పెట్టి, అతను తల బయట పెట్టేదాకా తీయలేదు.